ఆంటోనిన్ రేమండ్

మధ్య ఐరోపాలోని బొహీమియా దేశమున, ప్రాగ్ నగరమునకు కొలది దూరమున, క్లాడ్నో అను పట్టణము కలదు. బొగ్గుగనులకును ఉక్కు కర్మాగారములకును అది పేరొందినది. ఆ పట్టణమున 1888వ సంవత్సరము మే నెల 10వ తేదీన ఆంటోనిన్ జన్మించెను. అప్పటికి బొహీమియా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమున ఒక భాగము. ఆయన ఇంటిపేరు రైమన్. అమెరికా చేరిన పిమ్మట దానిని రేమండ్ అని మార్చుకొనెను. లోకమునకు తెలిసినది ఈ రెండవ పేరే.

బొగ్గుపొగల నడుమ పుట్టిన ఈ బాలుడు పెరిగి పెద్దవాడై, బంగాళాఖాతపు తీరమున, మన గోల్కొండ పేరు గల ఒక గృహమునకు రూపకల్పన చేయునని నాడు ఎవ్వరును ఊహించి యుండరు. ఆయన జీవితము నాలుగు దేశముల మీదుగా సాగినది. అందు రెండు దేశములు ఒకదానితో నొకటి ఘోరయుద్ధము చేసినవి. ఆ రెండింటిని ఆయన తనవిగానే భావించెను.

రేమండ్ ప్రాగ్ నగరములోని సాంకేతిక విద్యాలయమున వాస్తుశాస్త్రము చదివెను. చదువు ముగిసిన వెంటనే, 1910లో, అమెరికాకు వలసపోయెను. న్యూయార్కు నగరమున కాస్ గిల్బర్ట్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి కార్యాలయమున ఆయనకు పని దొరకెను. ఆ కార్యాలయము వారు అప్పుడు వుల్‌వర్త్ భవనమును నిర్మించుచుండిరి. 1913లో పూర్తియైన ఆ భవనము 241 మీటర్ల ఎత్తుతో ఆనాటి ప్రపంచమున అన్ని భవనములకంటె పొడవైనది. అంత గొప్ప నిర్మాణమున పాలుపంచుకొన్నను యువకుడైన రేమండ్‌నకు తృప్తి కలుగలేదు. ఉక్కుతో కట్టిన ఎముకల గూటికి పూర్వకాలపు దేవాలయముల అలంకారములను తొడుగు తొడిగినట్లు తగిలించుట ఆయన మనస్సునకు నచ్చలేదు. ఏ వస్తువుతో కట్టిన భవనము ఆ వస్తువుగనే కనబడవలెనని ఆయన కోరిక.

1914లో ఆయన నొయెమీ పెర్నెసాఁ అను ఫ్రెంచి యువతిని వివాహమాడెను. ఆమె చిత్రకారిణి. గృహోపకరణములను, నేతబట్టలను రూపొందించుటయందు నేర్పరి. రేమండ్ కట్టిన ఇండ్లలో గోడలు ఆయనవి, గోడల నడుమ నున్న జీవనము ఆమెది అన్నను అతిశయోక్తి కాదు. ఆమె పేరు చాలకాలము వరకు పుస్తకములలో తగినంతగా కనబడకపోవుట విచారింపదగిన సంగతి.

1916లో రేమండ్ దంపతులు ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను మహాశిల్పి యొద్దకు పోయి, టాలియెసిన్ అను ఆయన నివాసమున కొంతకాలము పనిచేసిరి. జపాను ప్రభువులు టోక్యో నగరమున ఇంపీరియల్ హోటలు నిర్మించు భారమును రైట్‌నకు అప్పగించియుండిరి. ఆ పనికి సహాయకునిగా 1919 చివర రేమండ్ జపాను చేరెను. కొద్దిమాసముల కొరకు పోయినవాడు ఇంచుమించు పదునెనిమిది సంవత్సరములు అచ్చటనే యుండిపోయెను.

రైట్‌తో పొత్తు ఎంతోకాలము సాగలేదు. గురువు గీసిన గీతలనే మరల మరల గీయుట శిష్యునకు విసుగు పుట్టించినది. జపానులో కట్టు భవనము జపాను నేలకును గాలికిని తగియుండవలెను గాని, పరదేశపు అలంకారములతో నిండియుండరాదని రేమండ్ తలచెను. ఆయన రైట్‌ను విడిచి టోక్యోలోనే స్వంత కార్యాలయము స్థాపించెను.

అచ్చట ఆయనకు నిజమైన గురువులు వేరే లభించిరి. వారు పల్లెటూళ్ళ వడ్రంగులు. జపాను రైతుల ఇండ్లలో స్తంభము స్తంభముగనే కనబడును. దూలము దూలముగనే కనబడును. గోడలు ప్రక్కకు జరుగును. వేసవిలో ఇల్లంతయు తెరచి తోటలో కలిసిపోవును, చలికాలమున మూసికొనును. అలంకారమునకై పెట్టిన వస్తువు ఒక్కటియు నుండదు. ఐరోపాలోని నవీన శిల్పులు గ్రంథములు వ్రాసి వాదించుచున్న సిద్ధాంతమును ఈ వడ్రంగులు తరతరములుగా చేతితో చేసి చూపుచున్నారని రేమండ్ గ్రహించెను.

1923 సెప్టెంబరు 1వ తేదీన టోక్యో పరిసరములను మహాభూకంపము కుదిపివేసినది. మధ్యాహ్నము వంటపొయ్యిలు మండుచున్న వేళ అది సంభవించుటచే నగరమంతట నిప్పంటుకొనెను. లక్షకు పైగా జనులు మరణించిరి. కఱ్ఱ ఇండ్లు దగ్ధమైనవి. ఇటుక కట్టడములు కూలినవి. ఈ విపత్తు తరువాత ఉక్కు కడ్డీలు పొదిగిన కాంక్రీటుపై అందరి దృష్టియు పడినది. కాంక్రీటు నొక్కుడు బలమునకు ఓర్చుకొనును గాని, లాగుడు బలమునకు పగులును. ఉక్కు కడ్డీ లాగుడును సహించును. ఈ రెండింటిని కలిపి పోతపోసినచో ఒకదాని లోపమును మరొకటి తీర్చును. 1924లో రేమండ్ టోక్యోలోని రైనాన్‌జాకా అనుచోట తన స్వగృహమును కాంక్రీటుతో కట్టమొదలిడెను. పూతలు లేక, రంగులు లేక, పోత పోసిన చెక్కల ఆనవాళ్ళతో సహా ఆ గోడలను అట్లే విడిచెను. గోడను నగ్నముగా విడుచుట ఆ కాలమున సాహసమే. అట్టి ఇండ్లలో ప్రపంచమునందే తొలివాటిలో అది యొకటి.

ఆయన కార్యాలయము క్రమముగా ఒక పాఠశాల వంటి దాయెను. తరువాతి కాలమున జపాను దేశమున అగ్రగణ్యులైన కునియో మాయెకావా, జున్‌జో యోషిమురా అనువారు అచ్చట పనిచేసినవారే. 1934లో జార్జి నకషిమా అను యువకుడు వచ్చి చేరెను. ఆయన అమెరికాలో పుట్టిన జపాను సంతతివాడు. ఈ నకషిమా కథ మన కథతో విడదీయరానిది.

1935వ సంవత్సరమున పుదుచ్చేరి నుండి రేమండ్‌నకు ఒక పిలుపు వచ్చెను. అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివారి పాలనలోనిది. అచ్చటి శ్రీ అరవిందాశ్రమమున సాధకుల సంఖ్య పెరిగి, వారికి వసతిగృహము అవసరమయ్యెను. ఆశ్రమవాసులలో ఫిలిప్ బార్బియే సాఁతిలేర్ అను ఫ్రెంచి ఇంజనీరు ఉండెను. ఆశ్రమమున ఆయనకు పవిత్ర అని పేరు. పూర్వము ఆయన కొంతకాలము జపానులో నివసించియుండుటచే రేమండ్ పేరు ఆశ్రమమునకు తెలిసినది. ఆశ్రమాధినేత్రియైన శ్రీమాత ఈ నిర్మాణమును రేమండ్‌నకు అప్పగించిరి.

కట్టుటకు ధనము కావలెను. ఆ ధనము మన తెలుగునేల నుండియే వెళ్ళినది. అప్పటి హైదరాబాదు సంస్థానమున ఉన్నతాధికారియై, 1937 నుండి ప్రధానమంత్రియై యుండిన సర్ అక్బర్ హైదరీ ఆశ్రమమునందు అభిమానము గలవాడు. ఆయన ద్వారా సంస్థానము నుండి లక్ష రూపాయల విరాళము లభించెను. ఆ దినములలో లక్ష రూపాయలన్న సామాన్యమైన మొత్తము కాదు. ఆ దానమునకు గుర్తుగా, వజ్రములకు ప్రసిద్ధి గాంచిన గోల్కొండ పేరును ఆ భవనమున కుంచిరి. ఫ్రెంచి భాషలో పలుకునట్లు దానిని గోల్కోండ్ అందురు.

ఈ హైదరీ విద్యయందును ప్రాచీన సంపదయందును ఆసక్తి గలవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు పాటుపడినవారిలో ముఖ్యుడు. సంస్థానపు పురావస్తుశాఖయు ఆయన ప్రోత్సాహముచే పెంపొందినదే. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్ దిబ్బను ఆ శాఖ అధిపతియైన గులాం యాజ్దానీ 1940వ సంవత్సరము మొదలుకొని త్రవ్వించెను. శాతవాహనుల నాటి ఇటుక కట్టడములు, వేలకొలది నాణెములు, మట్టిబొమ్మలు అచ్చట బయల్పడినవి. ఒకచోట రెండువేల యేండ్ల నాటి పట్టణపు గోడలు మట్టిలోనుండి పైకి వచ్చుచుండగా, అదే సంవత్సరములలో, అదే సంస్థానపు ధనముతో, మరొకచోట దేశములోని తొలి నవీన కాంక్రీటు గృహములలో నొకటి నేలపై లేచుచుండెను.

రేమండ్ ముందున్న సమస్య సులభమైనది కాదు. పుదుచ్చేరి భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 12 డిగ్రీల దూరమున, సముద్రతీరమున నున్నది. ఎండ తీవ్రము. అంతకంటెను బాధించునది ఉక్క. గాలిలో తేమ హెచ్చుగా నుండుటచే చెమట ఆరదు. శరీరమునకు సుఖము కలుగవలెనన్న గాలి ఎల్లప్పుడు వీచుచుండవలెను. గాలికై గోడను తెరచినచో ఎండ లోనికి వచ్చును. ఎండకై గోడను మూసినచో గాలి ఆగిపోవును. కార్తీకమాసపు తుపానులలో వాన అడ్డముగా కొట్టును. వీటికి తోడు, సాధకుల గదులలో ఏకాంతము ఉండవలెను. ఎండ రాకూడదు, వాన రాకూడదు, పరుల చూపు రాకూడదు. గాలి మాత్రము రావలెను.

మన పెద్దలకు ఈ సమస్య తెలియనిది కాదు. వసారాలు, మండువా లోగిళ్ళు, వట్టివేళ్ళ తడికలు, సన్నని రంధ్రముల జాలీలు దీనికై పుట్టినవే. గోల్కొండలోని కుతుబ్‌షాహీ సమాధుల గోడలలో రాతి జాలీలను నేటికిని చూడవచ్చును. కాని జాలీ కదలదు. ఉదయమునకును మధ్యాహ్నమునకును, వేసవికిని వానకాలమునకును అది ఒకే విధముగా నుండును. రేమండ్ గోడనే కదలునట్లు చేసెను.

గోల్కోండ్ గృహమునకు ఉత్తర దక్షిణముల వైపున పొడవైన ముఖములు కలవు. ఉదయ సాయంకాలపు ఎండ సూటిగా తాకు తూర్పు పడమరల వైపున ఇరుకైన చివరిగోడలు మాత్రమే యున్నవి. పొడవైన ముఖములలో అద్దపు కిటికీ ఒక్కటియు లేదు. నేలనుండి కప్పువరకు, ఈ చివరనుండి ఆ చివరకు, అడ్డముగా అమర్చిన పలకలే గోడ. ఇంజనీర్లు వీటిని లూవర్లు అందురు. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలోని కర్మాగారముల షెడ్లపై వేడిగాలి బయటకు పోవుటకు వరుసగా వాల్చి బిగించిన రేకులను చూచినవారికి లూవరు స్వరూపము తెలిసియే యుండును. అవి బిగించినవి; ఇవి తిరుగునవి. ఒక్కొక్క వరుసలోని పలకలన్నియు కడ్డీతో కలుపబడియుండుటచే, ఇత్తడి పిడిని చేతితో త్రిప్పినంతనే అన్నియు ఒక్కసారిగా తెరచుకొనును, లేదా మూసుకొనును.

దీనిలోని లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థికి అందనిది కాదు. పలక వెడల్పును, పలకకు పలకకు నడుమ గల దూరమును సమానమనుకొందము. పలకలను పూర్తిగా తెరచి నేలకు సమాంతరముగా నుంచినను, ఎదుటనున్న సూర్యుడు 45 డిగ్రీలకంటె ఎత్తున నున్నంతవరకు కిరణము నేరుగా లోనికి రాజాలదు; పై పలక నీడ క్రింది పలక లోపలి అంచును కప్పును. పుదుచ్చేరిలో డిసెంబరు నెలలో సైతము మధ్యాహ్న సూర్యుడు 54 డిగ్రీలకు తక్కువ ఎత్తున నుండడు. కావున అచ్చట మిట్టమధ్యాహ్నము పలకలు తెరచియున్నను లోపల నీడయే. సూర్యుడు దిగివచ్చు వేళలలో పలకలను కొంత వాల్చిన చాలును. పలక పైభాగమున పడిన వెలుతురు ఎగసి కప్పును తాకి, మెత్తబడి గదిలో పరచుకొనును. వానకు పూర్తిగా మూయవలెనన్న మాత్రము వెడల్పు దూరముకంటె కొంచెము హెచ్చుగా నుండవలెను. అప్పుడు పెంకుపై పెంకువలె ఒకదానిపై నొకటి వాలి నీటిని క్రిందికి జార్చును.

కప్పునకు రేమండ్ వేరొక ఉపాయము పన్నెను. కాంక్రీటు కప్పుపై వంపు తిరిగిన పెద్ద కాంక్రీటు పెంకులను వరుసగా పరపించెను. పెంకులకును కప్పునకును నడుమ ఖాళీ యుండును. ఎండకు పెంకు కాగినను, ఆ ఖాళీలోని గాలి వేడిని తీసికొనిపోవుటచే క్రింది కప్పు కాగదు. గొడుగు క్రింద మరియొక గొడుగు పట్టినట్లు. లోపల గదులకును నడవకును నడుమ జరుపు తలుపులు పెట్టించెను. అవి టేకు చెక్కతో, గాలి పోవుటకు సందులు గల బద్దలతో చేసినవి. తలుపు మూసినను గాలి ఆగదు. జపాను రైతు ఇంటి తలుపు ఇట్లు దక్షిణభారతమునకు వచ్చినది. కాళ్ళక్రింద పరచినది మాత్రము కడప నల్లరాయి. నున్నగా మెరుగుపెట్టిన ఆ రాతిపై చెప్పులు లేక నడచువారికి వేసవిలో కలుగు చల్లదనము రాయలసీమ ఇండ్లలో పెరిగినవారు ఎరుగనిది కాదు.

నిర్మాణము 1937లో ఆరంభమయ్యెను. నకషిమా టోక్యో నుండి వచ్చి పనిని పర్యవేక్షించెను. ఆయనకు తోడుగా ఫ్రాంటిషెక్ సామర్ అను చెకోస్లొవాకియా శిల్పి వచ్చెను. ఆశ్రమ ఇంజనీరైన చందూలాల్ వారితో కలిసెను. జపాను సంతతివాడొకడు, చెక్ దేశీయుడొకడు, గుజరాతీ యొకడు. వ్రాతకోతలు ఫ్రెంచిలోను ఇంగ్లీషులోను. పని చేసినవారిలో అధికులు ఆశ్రమవాసులు. వారిలో పెక్కురు అంతకుముందు తాపీ పట్టినవారు కారు. ముందుగా ఒక నమూనా గదిని కట్టి, అందలి లోపములను గ్రహించి, పిమ్మట పునాది పనికి పూనుకొనిరి. నకషిమా కొంతకాలమునకు జీతము వలదని తానును ఆశ్రమవాసి యాయెను. శ్రీ అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరిడిరి.

కావలసిన బందులు, గొళ్ళెములు, పిడులు బజారున దొరకునవి కావు. ఆశ్రమములో నున్న పాత ఇత్తడి పాత్రలను కరగించి వాటిని అచ్చులలో పోతపోసిరి. అన్నము వండిన గిన్నె గోడను త్రిప్పు పిడిగా మారినది. పలకలను ఆస్బెస్టాసు సిమెంటుతో చేయించిరి. తేలికగాను గట్టిగాను ఉండుటచే ఆ కాలమున దానిని మేలైన వస్తువుగా ఎంచిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరమని తరువాతి కాలమున వైద్యులు నిర్ధారించిరి.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగియున్నది. రేమండ్ వంపును కప్పున నుంచెను. తిరుగు పలకలను తిన్నని గోడలో నుంచెను. తిన్నని గోడలో పలకలన్నియు ఒకే పొడవు, ఒకే వెడల్పు. ఒక అచ్చు చేసినచో వేయి పలకలు పోయవచ్చును. గోడ వంపు తిరిగినదైనచో కథ వేరు. గుండ్రని గోడకు పొడవైన తిన్నని పలక అమరదు. దానిని చిన్న ముక్కలుగా కోయవలెను. మూసినప్పుడు ఆ ముక్కలు చక్కగా అతికియున్నను, తెరచినప్పుడు బయటి అంచులు ఒకదానికొకటి దూరమగును, లోపలి అంచులు ఒకదానితో నొకటి ఢీకొనును. గోడ కడవవలె రెండు దిక్కులను వంపు తిరిగినదైన మరింత చిక్కు. పైకి పోయినకొలది వరుస చిన్నదగును. ఏ రెండు వరుసల పలకలును సమానముగా నుండవు. అన్నింటిని కలుపు కడ్డీ సైతము తిన్నగా నుండజాలదు. కాగితముపై స్కేలుతో గీయు శిల్పి అట్టి గోడ నొకదానిని గీయుటకే ఎన్నో మాసములు పట్టును. ఒక కొలత మార్చినచో మరల మొదటికి రావలెను.

నేడు ఈ శ్రమను కంప్యూటరు తీర్చుచున్నది. పారామెట్రిక్ అను పద్ధతిలో శిల్పి పలకను గీయడు. పలకకును గోడకును సూర్యునికిని గల సంబంధమును చెప్పును. వెడల్పు దూరములో ఇంత భాగము, వాలు సూర్యుని ఎత్తునుబట్టి ఇంత, అంచుల నడుమ సందు ఇంతకు తగ్గరాదు అని నియమములు పెట్టును. బీజగణితమున ఒక రాశి విలువ మార్చిన మరొక రాశి దానంతట మారునట్లు, ఒక అంకె మార్చినంతనే వేలకొలది పలకలు తమంతట తాము మరల గీయబడును. ఏ పలక ఏ పలకను తాకుచున్నదో ముందే తెలియును. 2012లో అబూదాబీ నగరమున పూర్తియైన అల్ బహర్ గోపురములు రెండును ఈ పద్ధతికి నిదర్శనములు. వంపు తిరిగిన ఒక్కొక్క గోపురమునకు వేయికి పైగా మడత తెరలు కలవు. సూర్యుని గమనముననుసరించి యంత్రములు వాటిని విప్పును, ముడుచును. గోల్కోండ్‌లో ఆ పనిని గదిలో నున్న మనిషి చేయి చేయును. యంత్రము చెడినచో తెర ఆగును. పిడి చెడినచో కమ్మరి చాలును. ఈ రెండింటిలో ఏది మేలో చెప్పుట ఆ యా భవనముల అవసరమునుబట్టి యుండును గాని, ఎనుబది యేండ్ల పిమ్మటను పుదుచ్చేరి పలకలు తిరుగుచుండుట మరువరానిది.

జపానులో సైనికుల ప్రాబల్యము పెరుగుటచే రేమండ్ కుటుంబము ఆ దేశమును విడిచినది. 1938లో వారు పుదుచ్చేరి వచ్చి కొన్ని మాసములు ఆశ్రమమున నివసించిరి. రేమండ్ తన గృహము లేచుటను కన్నులార చూచెను. కాని ముగింపు వరకు ఉండలేదు. ఐరోపా మీదుగా అమెరికా చేరి, పెన్సిల్వేనియా రాష్ట్రములోని న్యూ హోప్ అను గ్రామమున ఒక వ్యవసాయక్షేత్రమును కొని స్థిరపడెను. నకషిమా 1939లో పుదుచ్చేరి విడిచెను. సామర్ 1942 వరకు నిలిచి, పిమ్మట బ్రిటిషు సైన్యమున చేరెను. తొలుత తలచినదానికంటె ఎన్నో రెట్లు కాలము గడచిన తరువాత, యుద్ధము నడుమ, సాధకులు ఆ గృహమున ప్రవేశించిరి. ధనమును సమకూర్చిన హైదరీ ఆ 1942వ సంవత్సరముననే మరణించెను.

1941 డిసెంబరులో జపాను అమెరికాల నడుమ యుద్ధము మొదలయ్యెను. అమెరికా ప్రభుత్వము పడమటి తీరముననున్న జపాను సంతతివారిని నిర్బంధ శిబిరములకు తరలించెను. అమెరికాలో పుట్టిన నకషిమాయు, ఆయన భార్యయు, పసికందైన కుమార్తెయు ఐడహో రాష్ట్రములోని శిబిరమున పడవేయబడిరి. నేరమేదియు లేదు, ముఖకవళికలే నేరము. రేమండ్ వారికి పూచీపడి, తన పొలమున పని కల్పింతునని చెప్పి, 1943లో వారిని విడిపించి న్యూ హోప్‌నకు తెచ్చుకొనెను. నకషిమా అచ్చటనే స్థిరపడి, కఱ్ఱతో ఉపకరణములు చేయుటయందు ప్రపంచఖ్యాతి నార్జించెను.

అదే 1943లో రేమండ్ మరియొక పనికి ఒప్పుకొనెను. జపాను నగరములపై నిప్పుబాంబులు వేయుటకు పూర్వము, వాటి శక్తిని పరీక్షించుటకై యూటా ఎడారిలోని డగ్వే అనుచోట జపాను కార్మికుల ఇండ్ల వంటి ఇండ్లను సైన్యము కట్టింపదలచెను. ఆ ఇండ్లు నిజమైన ఇండ్లవలె మండవలెను. వాటి కొలతలు, చెక్కల అమరిక, చాపల మందము రేమండ్‌నకు బాగుగా తెలియును. ఆయన వాటిని రూపొందించి ఇచ్చెను. పల్లె వడ్రంగుల యొద్ద ప్రేమతో నేర్చిన విద్య వారి ఇండ్లను కాల్చు పరీక్షకు సాధనమయ్యెను. 1945 మార్చి నెలలో ఒక్క రాత్రి టోక్యోపై కురిసిన నిప్పుబాంబులకు ఇంచుమించు లక్షమంది బలియైరి. యుద్ధము త్వరగా ముగియుటకు జపాను ఓడిపోవుటయే మార్గమని నమ్మి ఆ పని చేసితినని, అది తమ దంపతులకు సులభమైన కార్యము కాలేదని రేమండ్ తన ఆత్మకథలో తెలుపుకొనెను. ఆయన జీవితమును వ్రాసినవారిలో కొందరు ఈ ఘట్టమును దాటవేసిరి. దాటవేసినచో ఆ మనుష్యుడు మనకు సగమే తెలియును.

యుద్ధము ముగిసిన కొలది సంవత్సరములకే రేమండ్ టోక్యో తిరిగిపోయెను. నగరము బూడిదకుప్పగా నుండెను. పూర్వపు సహచరులను కూర్చుకొని ఆయన కార్యాలయమును మరల తెరచెను. 1951లో టోక్యో చక్రవర్తి ప్రాసాదపు అగడ్త సమీపమున రీడర్స్ డైజెస్టు భవనమును కట్టెను. జపాను వాస్తుశిల్పుల సంఘము దానిని బహుమతితో గౌరవించినది. పండ్రెండేండ్లకే దానిని కూల్చివేసిరి. నగరములలో భూమి వెల పెరిగినచో భవనముల ఆయుర్దాయము తగ్గుట అన్ని దేశములందును జరుగునదే. 1961లో తకసాకి నగరమున గున్మా సంగీతమందిరము నిర్మింపబడెను. దానికై ఆ ఊరి ప్రజలు చందాలు పోగుచేసిరి. కాగితమును మడిచినట్లు కాంక్రీటును మడతలు మడతలుగా పోసి, నడుమ స్తంభములు లేక ఆ విశాలమైన మందిరమును రేమండ్ కప్పెను. పలుచని కాగితము నిలువదు; మడిచిన కాగితము నిలుచును. 1964లో నగోయాలోని నాన్జాన్ విశ్వవిద్యాలయపు భవనములు పూర్తియైనవి. ఎఱ్ఱమట్టి కొండవాలును చదును చేయక, ఆ వాలుననుసరించియే వాటిని అమర్చెను. ఎండ తగులు ముఖములకు కాంక్రీటు జాలీలు పెట్టెను.

1973లో రేమండ్ పని విరమించి న్యూ హోప్ చేరెను. 1976లో, ఎనుబది ఎనిమిదవ యేట, పెన్సిల్వేనియాలో కన్నుమూసెను. నాలుగేండ్లకు నొయెమీయు మరణించెను. వారి టోక్యో స్వగృహము నేడు లేదు. గున్మా మందిరము కలదు, నాన్జాన్ భవనములు కలవు. పుదుచ్చేరిలోని గోల్కోండ్ నేటికిని నివాసగృహముగనే యున్నది. తుపాను వచ్చు సూచన కనబడినంతనే ఆ గదులలోనివారు ఇత్తడి పిడులు త్రిప్పి గోడలు మూసివేయుదురు. వాన వెలిసిన పిమ్మట మరల తెరతురు.